పైకప్పు వెలుగుకూ ఒక ఆయుష్షు

మన పాత బస్తీల్లో ఇళ్ళు ఒకదానినొకటి ఆనుకొని నిలుస్తాయి. ఎడమ గోడ పొరుగువారిది, కుడి గోడ దాయాదులది. ముందు గదికి వీధి వెలుగు, వంటగదికి పెరటి వెలుగు అందుతాయి. నడిమి గదికి మాత్రం ఆకాశమే దిక్కు. అందుకే బాన్సువాడలోనైనా, బోధన్‌లోనైనా, నిజామాబాద్ పాత వీధుల్లోనైనా నడిమి గది కప్పులో కొంత చోటు విడిచి, దానిపై గాజో రేకో పరచడం పెద్దల నాటి నుంచి వస్తున్న పద్ధతి. మట్టి మిద్దెల కాలంలో దానిని గవాచి అన్నారు. పెంకుటిళ్ళలో మట్టి పెంకుల నడుమ ఒక గాజు పెంకు పెట్టేవారు. మా ఇంట్లో చిన్నాపెద్దా అందరూ రోషన్‌దాన్ అనే అంటారు. నేటి ఇంజనీర్లు స్కైలైట్ అంటున్నారు. పేరు ఏదైనా అది చేసే పని ఒక్కటే, దానికి వచ్చే కష్టమూ ఒక్కటే.

ఇంట్లో తలుపుకు చెద పడితే మనకు కనబడుతుంది. గోడ బీట వారితే కనబడుతుంది. నెత్తిమీద ఉన్న ఈ వెలుగు దారిని మాత్రం ఎవరూ తలెత్తి పరిశీలించరు. వాన నీరు చాప మీద పడిన రోజునే అది గుర్తుకు వస్తుంది. నిజానికి నీరు కారే నాటికి దాని ఆయుష్షు తీరి చాలా కాలమై ఉంటుంది. దాని ఆయుష్షు ఎంత, ఎప్పుడు మార్చాలి అన్న సంగతిని మా ఇంటి అనుభవంతో పాఠక సోదర సోదరీమణుల ముందు ఉంచదలచాను.

మా మామగారు ఈ ఇంటిని 1998లో కట్టించారు. అప్పటికి మా ఊరు నిజామాబాద్ జిల్లాలోనే ఉండేది. 2016లో కామారెడ్డి జిల్లా ఏర్పడినప్పుడు అందులో చేరింది. నడిమి గది పది అడుగుల వెడల్పు, పన్నెండు అడుగుల పొడవు. స్లాబు పోసేటప్పుడు గది నడుమ మూడడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు చోటు విడిచిపెట్టించారు. అంటే నేల వైశాల్యంలో ఇరవయ్యో వంతు. ఇంత చిన్న రంధ్రం చాలునా అని నాడు బంధువులు అడిగారట. మబ్బు పట్టిన రోజున కూడా ఆ గదిలో పగలు దీపం వెలిగించవలసిన అవసరం మాకు అరుదుగానే కలిగింది. మా అత్తగారు జుహర్ నమాజు తరువాత ఆ వెలుగు కిందనే కూర్చొని ఖురాన్ పారాయణం చేస్తారు. పిల్లలు లెక్కలు చేసేది అక్కడే. నేను బట్టలు కుట్టేదీ అక్కడే.

ఆ రంధ్రంపై తొలుత ఫైబర్ రేకు వేశారు. అది 11 ఏళ్ళు నిలిచింది. 2009లో దానిని తీసి పాలీకార్బనేట్ రేకు వేశారు. అది 15 ఏళ్ళు నిలిచింది. నిలిచింది అంటున్నానే గాని చివరి మూడు నాలుగేళ్ళు అది పేరుకే ఉంది. దాని సంగతి అర్థం కావాలంటే ముందుగా ఏ పలక ఎందుకు చెడుతుందో తెలియాలి.

ఫైబర్ రేకు అంటే గాజు నూలును రెజిన్ అనే జిగురులో ముంచి గట్టిపరచిన పలక. ఎండలోని అతినీలలోహిత కిరణాలు ఆ జిగురును కొద్దికొద్దిగా తినివేస్తాయి. రేకు మొదట పసుపు రంగుకు తిరుగుతుంది. ఆ పైన ఉపరితలం అరిగి నూలు పోగులు పైకి లేస్తాయి. చేత్తో తడిమితే గరుకుగా తగిలి దురద పెడుతుంది. ఆ పోగుల్లో దుమ్ము, నాచు చేరి వెలుగు తగ్గిపోతుంది. మన ఎండలకు మామూలు ఫైబర్ రేకు పదేళ్ళకు కాస్త అటూ ఇటూగా పనికిరాకుండా పోతుంది.

పాలీకార్బనేట్ అంతకంటె గట్టిది. 1953లో జర్మనీలోనూ అమెరికాలోనూ ఇద్దరు రసాయన శాస్త్రజ్ఞులు ఒకరి పనితో ఒకరికి సంబంధం లేకుండా దీనిని కనుగొన్నారు. సుత్తి దెబ్బకు కూడా తేలికగా పగలదు. వడగళ్ళ వానకు భయపడే మన ప్రాంతానికి అది మంచి గుణం. అయితే దానికీ ఎండ శత్రువే. అందుకే మేలైన రేకుకు ఒక ముఖాన కిరణాలను అడ్డగించే పలుచని పొర వేస్తారు. ఆ ముఖం ఆకాశం వైపు ఉండాలి. తిరగవేసి బిగిస్తే కొద్ది ఏళ్ళకే పసుపు పట్టి పెళుసుబారుతుంది. ఏది పై ముఖమో తెలిపే అచ్చు రేకుపై అంటించిన పలుచని కాగితం మీద ఉంటుంది. పనివారు ముందే ఆ కాగితం పీకివేస్తే గుర్తు పోతుంది. కంపెనీలు సాధారణంగా ఈ రేకులకు పదేళ్ళ హామీ ఇస్తాయి. చక్కగా బిగించినది మరి కొన్నేళ్ళు వస్తుంది.

గాజు మాట వేరు. ఎండకు గాజు పసుపు పట్టదు, పెళుసుబారదు. పగలనంత వరకు అది ఇంటితో పాటు బతుకుతుంది. దాని చుట్టూ ఉండే రబ్బరు పట్టీ, సిలికాన్ పూత మాత్రం అలా ఉండవు. పది, పదిహేనేళ్ళలో అవి ఎండి, కుంచించుకుపోయి, గాజుకూ చట్రానికీ నడుమ వెంట్రుకంత సందు ఇస్తాయి. నీటికి ఆ సందు చాలు. నగరాల్లో కొందరు రెండు గాజు పలకల నడుమ గాలి బంధించిన జంట గాజులు వేయిస్తున్నారు. వాటిలో అంచు ముద్ర వదిలితే రెండు పలకల నడుమ పొగమంచు నిలుస్తుంది. లోపల తుడిచినా, బయట తుడిచినా అది పోదు. పలక మార్చవలసిందే.

కనుక రోషన్‌దాన్ ఆయుష్షు దాని గాజు ఆయుష్షు కాదు. దానిలో అన్నిటికంటె బలహీనమైన కీలు ఎన్నాళ్ళు నిలిస్తే అదే దాని ఆయుష్షు. టర్కీలోని పాత హమామ్‌ల గుమ్మటాల్లో గుండ్రని రంధ్రాలు విడిచి, వాటిలో గాజు బుడ్డలు అమర్చారు. అక్కడివారు వాటిని ఏనుగు కళ్ళు అంటారు. రాతి గుమ్మటానికి ఉన్న ఆయుష్షు ఆ గాజు బుడ్డకు ఉండదు. బ్రెజిల్ దేశంలో ఒక మెకానిక్ 2002లో కరెంటు కోతలకు విసిగి, ప్లాస్టిక్ సీసాలో నీరు పోసి, నాచు పట్టకుండా కొద్దిగా బ్లీచింగ్ కలిపి, రేకు కప్పులో సగం పైకి, సగం కిందికి ఉండేలా బిగించాడు. ఆ పద్ధతి ఫిలిప్పీన్స్ మీదుగా ఎన్నో పేద దేశాల గుడిసెలకు వెలుగునిచ్చింది. ఆ సీసాకు కూడా ప్రాణం మెడ చుట్టూ వేసిన పూతలోనే ఉంది. పూత వదిలిన నాడు గుడిసెలోకి వెలుగుతో పాటు వానా వస్తుంది.

కీలు ఎందుకు వదులుతుందో మాకు మేస్త్రీ వివరించాడు. వేడికి ప్రతి వస్తువూ సాగుతుంది, కాని అన్నీ ఒకే తీరుగా సాగవు. మీటరు పొడవున్న పాలీకార్బనేట్ రేకు 40 డిగ్రీల వేడి తేడాకు రెండున్నర మిల్లీమీటర్లకు పైగా సాగుతుంది. దాని కింది ఇనుప చట్రం అరమిల్లీమీటరు మాత్రమే సాగుతుంది. మన కప్పు మీద చలికాలపు తెల్లవారుజాముకూ మే నెల మధ్యాహ్నానికీ నడుమ తేడా అంతకంటె తక్కువేమీ కాదు. బాన్సువాడ ఉన్న అక్షాంశాన్ని బట్టి మే నెల రెండవ వారం ముగిసే వేళకు ఒకసారి, జూలై చివరన మరొకసారి సూర్యుడు మధ్యాహ్నం సరిగ్గా నడినెత్తిన నిలుస్తాడు. జూలైలో మబ్బు అడ్డం ఉంటుంది. మేలో ఏ అడ్డమూ ఉండదు. ఆ ఎండలో సాగిన రేకుకు స్క్రూ రంధ్రం బిగుతుగా ఉంటే సాగే చోటు దొరకదు. స్క్రూ చుట్టూ సన్నని చీలికలు పుడతాయి. అందుకే రంధ్రం స్క్రూ కంటె కొంచెం పెద్దదిగా తొలచి, మంచి రబ్బరు వాషరు వేసి, మరీ నొక్కకుండా బిగించాలి. పూత కూడా ఏది దొరికితే అది వేయరాదు. వెనిగర్ వాసన వచ్చే సిలికాన్ పాలీకార్బనేట్‌ను చీల్చుతుంది. దుకాణంలో న్యూట్రల్ సిలికాన్ అని అడిగి తీసుకోవాలి.

ఇక మార్చే వేళ వచ్చిందని తెలిపే గుర్తులు చెబుతాను. పగటి వేళ గది మునుపటి కంటె మసకగా ఉండి, రేకు కడిగినా వెలుగు పెరగకపోతే అది మొదటి గుర్తు. రేకు రంగు మారడం, స్క్రూల చుట్టూ సాలెగూడు వంటి చీలికలు, రెండు పొరల రేకు గొట్టాల్లో ఆకుపచ్చ నాచు, చట్రం మూలల్లో తుప్పు చారలు, కప్పు అంచున సున్నం ఉబ్బడం, ఇవన్నీ తరువాతి గుర్తులు. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా మెట్లెక్కి చూడవలసిందే.

లోపల కనిపించిన ప్రతి నీటి చుక్కా కారుడు కాదు. వాన లేని చలికాలపు ఉదయం గాజు లోపలి వైపు చెమట పట్టినట్లు ఉంటే, అది వంటింటి ఆవిరి, మనుషుల ఊపిరి చల్లని గాజుకు తగిలి నీరైనది. దానికి గాలి మార్గం చూపాలి గాని పలక మార్చనవసరం లేదు. అనుమానం తీరాలంటే ఎండ రోజున బక్కెట నీరు తీసుకొని, ముందు చుట్టూ ఉన్న గట్టు అడుగున పోయాలి. కింద ఒకరు నిలబడి చూడాలి. తడి రాకపోతే గట్టుకూ చట్రానికీ నడుమ, ఆ తరువాత చట్రానికీ పలకకూ నడుమ పోయాలి. ఏ చోట పోసినప్పుడు తడి దిగిందో లోపం అక్కడ ఉన్నట్లు. గట్టు బీట వారితే అది మేస్త్రీ పని. పూత ఎండితే పూత మార్చితే చాలు. పలకే పెళుసుబారితే పూత మీద పూత పూయడం డబ్బు నీళ్ళలో పోయడమే. పలకా పూతా రెండూ చివరి దశకు వస్తే చట్రంతో సహా ఒకేసారి మార్చడం మేలు. రెండు సార్లు కప్పెక్కే కూలీ మిగులుతుంది.

2024 వేసవికి ముందు మా రేకులో ఈ గుర్తులన్నీ కనిపించాయి. మా మరిది వేరే మాట అన్నాడు. “భాభీ, దీన్ని స్లాబుతో మూసేద్దాం. గాజుకయ్యే ఖర్చులో సగం కూడా కాదు. పది వాట్ల బల్బు పెడితే పోతుంది. ఇన్ని తిప్పలెందుకు?” ఆ మాటను తేలికగా తీసివేయలేము. పది వాట్ల బల్బు రోజుకు పది గంటలు వెలిగినా పది రోజులకు ఒక యూనిట్ కాలుతుంది. ఏడాదికి 37 యూనిట్లు మించవు. కరెంటు ఆదా కోసమే రోషన్‌దాన్ ఉంచుకోవాలంటే ఆ లెక్క నిలవదు. ఎవరూ కూర్చోని గదికైతే, సామాన్ల గదికైతే, మూసివేయడమే సరైన పని అని నేనూ అంటాను.

మా గది అటువంటిది కాదు. అత్తగారికి డెబ్బయి ఆరేళ్ళు. రెండు కళ్ళకూ శుక్లాల ఆపరేషన్ అయింది. బల్బు వెలుగు కాగితం మీద మెరుస్తుందని, అక్షరాల కింది జేర్‌లు, పైన జబర్‌లు కలిసిపోతాయని ఆమె చెబుతారు. ఆ రోజు చర్చ అంతా విని ఆమె ఒక్క మాట అన్నారు. “బేటా, నా కోసం ఖర్చు పెట్టకండి. నేను వరండాలో కూర్చుంటాను.” ఆ మాటతో మా మరిది చాలాసేపు మౌనంగా ఉండిపోయాడు. మే నెల ఎండలో వరండాలో ఆమె ఎన్ని నిమిషాలు కూర్చోగలరో మా అందరికీ తెలుసు. మరునాడు కొలత టేపు తెచ్చి కప్పెక్కింది అతడే.

ఎక్కే ముందు నేను అతనికి మా చాచా సంగతి గుర్తుచేశాను. 1931లో నిజాంసాగర్ పూర్తయి మంజీర నీరు కాలువలకెక్కిన నాటి నుంచి మా ప్రాంతం వరి పొలాల సీమ. రైస్ మిల్లులూ ధాన్యం గోదాములూ ఇక్కడ ఎక్కువ. వాటి కప్పుల్లో మామూలు రేకుల నడుమ వెలుగు కోసం అక్కడక్కడ ఫైబర్ రేకులు వేస్తారు. మా చాచా ఒక గోదాము కప్పు మీద కారుడు సరిచేయడానికి ఎక్కినప్పుడు దుమ్ము పట్టిన వెలుగు రేకుకూ పక్కనున్న రేకుకూ తేడా కనబడలేదు. అడుగు వేయగానే అది విరిగింది. తుంటి ఎముక విరిగి ఆయన ఏడాది పాటు మంచం పట్టారు. ఆ ఏడాది పిన్ని బీడీలు చుట్టి ఇల్లు నడిపింది. పాత రేకు నీటిని ఆపలేకపోవడం చిన్న కష్టం. మనిషి బరువును ఆపలేకపోవడం పెద్ద కష్టం. ఎంత కొత్తదైనా వెలుగు రేకు మీద కాలు పెట్టరాదు. పక్కన పలక వేసుకొని దాని మీద నిలబడాలి. పిల్లలు గాలిపటాల కోసం డాబా ఎక్కే ఇళ్ళలో రంధ్రానికి ఇనుప గ్రిల్లు తప్పనిసరి. పనికి పిలిచిన కూలీ ప్రాణం, ఆ పని ముగిసే వరకు ఇంటి యజమాని చేతిలోని అమానత్.

మేము ఈసారి లామినేటెడ్ గాజు ఎంచుకున్నాము. రెండు గాజు పలకల నడుమ పలుచని ప్లాస్టిక్ పొర పెట్టి అతికించినది అది. కారు ముందు అద్దం అటువంటిదే. పగిలినా ముక్కలు ఆ పొరకే అంటుకొని ఉంటాయి. కారు పక్క అద్దాలకు వాడే టఫెన్డ్ గాజు పగిలితే చిన్న చిన్న పలుకులై రాలుతుంది. కింద మనిషి కూర్చునే చోట ఒక్క టఫెన్డ్ గాజునే నమ్ముకోరాదు. మామూలు గాజు మాట తలపెట్టనే వద్దు. ఆరేసి మిల్లీమీటర్ల రెండు పలకలు కలిసి మా రంధ్రం కొలతకు దాదాపు 17 కిలోల బరువు తూగుతాయి. కనుక పాత సన్న చట్రం పనికిరాదని కొత్తది చేయించాము. నీరు నిలవకుండా ఒక వైపు వాలు పెట్టించాము. స్లాబు చుట్టూ గట్టును అరడుగు ఎత్తుకు లేపించాము. గాజు కింద గ్రిల్లు, పైన కోతుల దూకుడుకు ఇనుప జాలీ వేయించాము. నడినెత్తి ఎండ నేరుగా దిగకుండా పాల రంగు పొర ఉన్న గాజు తీసుకున్నాము. గట్టు పక్కల గాలి పోయే చీలికలకు దోమల జాలీ బిగించాము. బిల్లు, హామీ కాగితం ఇంటి పన్ను రసీదులతో కలిపి దాచాము. హామీలో ఏది ఉందో చదువుకోవాలి. చాలా హామీలు పలకకే వర్తిస్తాయి, బిగింపుకు వర్తించవు.

చివరగా ఒక అలవాటు గురించి చెప్పాలి. మన ఇళ్ళలో సున్నాలు, దులుపుళ్ళు, మరమ్మతులు రమజాన్‌కు ముందు చేసుకుంటాము. అది మంచి ఆచారమే. అయితే హిజ్రీ సంవత్సరం ఎండల లెక్కన సాగే సంవత్సరం కంటె సుమారు 11 రోజులు చిన్నది. రమజాన్ ఏటేటా వెనక్కు జరుగుతూ దాదాపు 33 ఏళ్ళలో అన్ని రుతువులనూ చుట్టి వస్తుంది. కప్పు మరమ్మతును దానికి ముడిపెడితే కొన్నేళ్ళు అది వానాకాలం నడుమ పడుతుంది. కప్పు లెక్క రైతుల లెక్కతో సాగాలి. మృగశిర కార్తెకు వానలు దిగుతాయి. రోహిణి కార్తె ఎండలో కప్పెక్కడం ప్రమాదం, పూత కూడా సరిగా కుదరదు. ఫిబ్రవరిలో చూసుకొని మార్చిలోగా పని ముగించడం అన్నివిధాలా మేలు. ఏడాదికొకసారి సబ్బు నీటితో మెత్తని గుడ్డతో కడగాలి. గరుకు పీచు, యాసిడ్ వాడరాదు. ఐదేళ్ళు దాటాక పూతను ఏటా వేలితో నొక్కి చూడాలి. రబ్బరులా సాగితే బతికి ఉన్నట్లు, పొడిగా రాలితే మార్చవలసినట్లు.

కొత్త చట్రం లోపలి అంచున మా మరిది తెల్ల రంగుతో బిగించిన నెల, సంవత్సరం రాశాడు. దాని కింద పూత మార్చవలసిన సంవత్సరం కూడా రాశాడు. అప్పటికి మాలో ఎవరుంటామో అల్లాహ్‌కే తెలుసు. ఆ గదిలో కూర్చొని చదివేవారికి ఆ రెండు అంకెలు పనికివస్తాయి. మీ ఇంట్లోనూ రోషన్‌దాన్ ఉంటే, ఈ నెలలో ఒక మధ్యాహ్నం దాని కింద నిలబడి తలెత్తి చూడండి. ఏ సంవత్సరం వేశారో ఇంట్లో పెద్దలను అడగండి. ఎవరికీ గుర్తు లేదంటే, అది చూసుకోవలసిన వేళ వచ్చినట్లే.